ఆ డ్రైవర్ సంగతి ఎవరూ చెప్పరేం?

విజయనగరం

చిన్నా,

ఆశీస్సులు. ఉద్యోగం మానేసి సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరతానని నువ్వు మెసేజ్ పెట్టావు. దాని వెనకాలే వరసపెట్టి రీల్స్ పంపావు. మూడు వారాల్లో గవర్నమెంటు ఉద్యోగం వదిలేసిన ఎన్టీఆర్, టికెట్లు కొట్టిన రజనీకాంత్, పార్కులో పడుకున్న ఘంటసాల. అన్నీ చూశాను. ఫోన్లో మాట్లాడితే రెండు నిమిషాల్లో ఇద్దరం గొంతులు పెంచుకుంటాం, మీ నాన్నగారు వచ్చి ఏంటి గొడవని అడుగుతారు. అందుకని కాగితం తీశాను. తీరిగ్గా చదువు.

ముందే చెప్తున్నా, వాటిలో పెద్ద అబద్ధాలేమీ లేవు. నేను పాత సినిమాల పిచ్చిదాన్నని నీకు తెలుసుగా, ఈ కథలన్నీ నీకంటే ముందే నాకు తెలుసు. నా పేచీ అల్లా అర నిమిషంలో ఇమిడించడం కోసం వాళ్లు కత్తిరించి పారేసిన ముక్కల గురించి.

రామారావుగారి సంగతే తీసుకో. మద్రాసు సర్వీస్ కమిషన్ పరీక్ష 1,100 మంది రాస్తే ఎంపికైన ఏడుగురిలో ఆయనొకరు. 1947లో గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రార్‌గా చేరారు, నెలకు 190 రూపాయలు. మూడు వారాలకే మానేశారన్నదీ నిజమే. కానీ నీ రీల్‌లో ఆయన కుర్చీలోంచి విసురుగా లేచి, ఏమవుతుందో తెలియకుండా మద్రాసు రైలెక్కేసినట్టు చూపించారు. అలా జరగలేదు. అప్పటికే ఆయన ఫొటో ఎల్.వి.ప్రసాద్‌గారి దగ్గర ఉంది. అది చూసిన బి.ఎ.సుబ్బారావుగారు పిలిపించి, ‘పల్లెటూరి పిల్ల’లో హీరో వేషం ఖాయం చేసి, 1,116 రూపాయల పారితోషికం ఒప్పుకున్నారు. రాజీనామా ఆ తర్వాత. అంటే చేతిలో వేషం పడ్డాకే ఉద్యోగం వదిలారన్నమాట. అంత చేసినా ఆ సినిమా వెంటనే మొదలు కాలేదు. ఈలోగా ‘మనదేశం’లో పోలీస్ ఇన్‌స్పెక్టర్‌గా చిన్న వేషం దొరికింది. 1949లో జనం ఆయన్ని మొదట చూసింది అందులోనే.

దానికి ముందు కథ ఇంకా బావుంటుంది. కాలేజీ రోజుల్లో బెజవాడ హోటళ్లకి పాలు పోసిన మనిషి ఆయన. ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణగారు నాటకంలో నాగమ్మ వేషం వెయ్యమంటే, వేస్తాను గానీ మీసం మాత్రం తియ్యనన్నారట. అలాగే వేశారు, ‘మీసాల నాగమ్మ’ అని పేరు పడింది. తర్వాత గుంటూరు ఏ.సి. కాలేజీకి వెళ్లి జగ్గయ్య, ముక్కామల లాంటి వాళ్లతో కలిసి నాటకాలాడారు. ప్రత్తిపాడు ఆఫీసులో అడుగుపెట్టేనాటికే ఆయన నటుడు. రీల్ మాత్రం ఆ ఆఫీసు దగ్గరే మొదలవుతుంది.

నీకు ఎవరూ పంపని కథ ఒకటి చెప్తాను. నాకు ఎస్వీ రంగారావుగారంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు కదా. ఆయన మన ఊళ్లో ఫైర్ ఆఫీసర్‌గా చేశారంటే నమ్ముతావా? కాకినాడలో బి.ఎస్సి. చదివారు. అక్కడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని నాటకాల సంఘం ఉండేది, అంజలీదేవిగారు కూడా అందులోంచి వచ్చినవారే. చదువయ్యాక అగ్నిమాపక శాఖలో ఉద్యోగం, బందరులో కొన్నాళ్లు, విజయనగరంలో కొన్నాళ్లు. ఆ గొంతుతో ‘నీళ్లు కొట్టండిరా’ అంటే మంట భయపడి ఆరిపోయేదేమో!

ఆయన ఉద్యోగం వదిలి సినిమాకి వెళ్లారు. 1946లో ‘వరూధిని’, ఆయనే ప్రవరుడు. మొదటి సినిమాలోనే హీరో. అది ఆడలేదు. తర్వాత ఎవరూ పిలవలేదు. అప్పుడేం చేశారనుకున్నావు? జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో బడ్జెట్ లెక్కలు చూసే ఉద్యోగంలో చేరారు. మళ్లీ నెల జీతం, మళ్లీ ఆఫీసు టైమింగ్సు. కొన్నాళ్లకి ‘పల్లెటూరి పిల్ల’లో మంచి వేషం ఉంది రమ్మని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే వాళ్ల నాన్నగారు పోయారు. ఆయన వచ్చేసరికి ఆలస్యమైంది, వేషం వేరేవాళ్లకి వెళ్లిపోయింది. చిన్న పాత్ర మిగిలితే అదే వేశారు. ‘మనదేశం’లోనూ చిన్నదే.

ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ జంషెడ్‌పూర్ రోజులు. ఒకసారి వెళ్లి దెబ్బతిని మళ్లీ ఉద్యోగంలో కూర్చున్నవాడిని మనం ఏమంటాం? ‘వీడి పనైపోయింది’ అంటాం. మీ పెదనాన్నలు, నా అన్నదమ్ములు, పక్కింటివాళ్లు, అందరూ అదే అంటారు. రేపు నీ గురించీ అంటారు. ఆ మాట ఆ రోజుల్లో రంగారావుగారి గురించీ ఎవరో ఒకరు అనే ఉంటారు. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది, నేపాళ మాంత్రికుడు వచ్చాడు, ఆ మాటలన్నీ ఎటు పోయాయో. ఆ వేషంలో తెరమీదికి వచ్చేటప్పటికి ఆయనకి 32 ఏళ్లు. నీకిప్పుడు 26.

అన్నట్టు ‘పాతాళభైరవి’ ఈసారి చూసేటప్పుడు ఇంకో కన్నుతో చూడు. మాంత్రికుడి సంగతి చెప్పాను. హీరో రామారావుగారు. సబ్ రిజిస్ట్రార్ నెల జీతం వదిలి వెళ్లిన మనిషి, అక్కడ ఆ సినిమా తీసిన విజయా వాళ్ల దగ్గర మళ్లీ నెల జీతానికే పనిచేశారు! చిన్న డాన్సులో కనిపించే ఆ సన్నటి అమ్మాయి సావిత్రి. ఆ ముందటేడు ‘సంసారం’లో హీరోయిన్‌గా తీసుకుని, కెమెరా ముందు టెన్షన్ పడి డైలాగులు చెప్పలేకపోతోందని తప్పించారు, చిన్న వేషంతో సరిపెట్టారు. ‘దేవదాసు’ 1953లో. అంటే మూడేళ్లలో ఎక్కణ్నుంచి ఎక్కడికి! ఇక సంగీతం ఘంటసాల.

ఘంటసాలగారి దగ్గరికి వచ్చాం కాబట్టి చెప్తున్నా. పానగల్ పార్కు రీల్ చూసి నీకు కళ్లు చెమర్చాయని రాశావు. ఆ పార్కు కన్నా మన ఊరే ఆయన్ని ఎక్కువ ఏడిపించింది, ఎక్కువ నిలబెట్టింది కూడా. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన కుర్రాడు, చేతి ఉంగరం అమ్ముకుని సంగీత కళాశాల కోసం విజయనగరం చేరితే అప్పటికి వేసవి సెలవులు. ఏదో రకంగా తల దాచుకున్నాడు. తర్వాత తోటి విద్యార్థులు నేరం మీద వెయ్యడంతో ఆ నీడా పోయింది. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు, మన సాలూరు శాస్త్రిగారు, ఇంట్లో ఉంచుకుని పాఠం చెప్పారు. ఆయనా ఉన్నవారేం కాదు. తిండికి మధుకరం చెయ్యమన్నారు. భుజాన జోలె వేసుకుని ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కురావడం. పొద్దున తెచ్చిందాంట్లో రాత్రికి కొంత గుడ్డలో మూటకట్టి ఉంచితే చీమలు పట్టేవట. మూటని గోడ మేకుకి తగిలించేవారు. అది చూసి శాస్త్రిగారు ఒక చిన్న డబ్బా ఇచ్చి, ఇందులో పెట్టుకోరా అన్నారు. నువ్వు రోజూ సైకిలేసుకుని బడికెళ్లిన ఈ ఊళ్లోనే, చిన్నా, ఆయన జోలె పట్టుకుని తిరిగింది.

నాలుగేళ్ల చదువు రెండేళ్లలో ముగించి సొంతూరు వెళ్లారు. 1942 ఉద్యమంలో దూకి అలీపురం జైల్లో 18 నెలలు ఉన్నారు. బయటికొచ్చి పెళ్లి చేసుకున్నాక సముద్రాల రాఘవాచార్యగారి పరిచయంతో మద్రాసు వెళ్లారు. సముద్రాలగారి ఇల్లు చిన్నది, వాళ్లని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక పార్కు వాచ్‌మన్‌కి నెలకి రెండు రూపాయలిచ్చి అక్కడ పడుకునేవారు. రీల్‌లో పార్కు బెంచీ ఉంది. శాస్త్రిగారి డబ్బా లేదు, సముద్రాలగారి ఇల్లూ లేదు. బెంచీ మీద పడుకుంటే ఎవరూ ఘంటసాల కారు, కోరస్ పాడమన్నా పాడే ఓపిక, పాడాల్సి వస్తే పాడే చదువు ముందే ఉండాలి.

రజనీకాంత్ కండక్టర్ అని మీ తరంలో తెలియనివాళ్లు లేరు. బెంగళూరులో ఆ బస్సు నడిపిన డ్రైవర్ ఒకాయన ఉన్నాడు, రాజ్ బహదూర్. నీలో నటుడున్నాడు, మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి పో అని తోసింది ఆయనే. చదువుకునే రోజుల్లో తన జీతంలోంచి డబ్బు పంపిందీ ఆయనే. 1975లో మొదటి సినిమా వచ్చేదాకా ఆ స్నేహితుడే దన్ను. రజనీకాంత్ కూడా ఆ మాట దాచుకోలేదు, పదిమందిలో చెప్పుకున్నారు. అంత స్టైలుగా టికెట్లు చింపేవాడని ముచ్చటగా చెప్పేవాళ్లు, ఆ డ్రైవర్ సంగతి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఆయన్ని తీసేస్తే ఆ కథలో మిగిలేది ఉద్యోగం పోగొట్టుకున్న ఒక కండక్టరే.

అందరూ వదిలేసే వెళ్లారనీ అనుకోకు. కోట శ్రీనివాసరావుగారు స్టేట్ బ్యాంకు ఉద్యోగి, చిరంజీవి మొదట తెరమీద కనిపించిన 1978 నాటి ‘ప్రాణం ఖరీదు’ ఆయనకీ మొదటి సినిమా. చేంబోలు సీతారామశాస్త్రిగారు టెలిఫోన్ శాఖలో పనిచేస్తూనే పాటలు రాసుకున్నారు, ఆ తర్వాత 1986లో ‘సిరివెన్నెల’ వచ్చి ఇంటిపేరే మారిపోయింది. బ్రహ్మానందంగారు అత్తిలిలో తెలుగు లెక్చరర్. రమణారెడ్డిగారైతే నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆ మనిషి కాలవలు తనిఖీ చేస్తుంటే చూసినవాళ్లకి నవ్వాగేదో లేదో!

నువ్వు డైరెక్టర్ కావాలంటున్నావు కాబట్టి నీకు అసలు పనికొచ్చేది విశ్వనాథ్‌గారి కథ. ఆయన వచ్చింది వాహినీ స్టూడియోలో సౌండ్ శాఖలోకి. బి.ఎస్సి. చదివిన మనిషి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరెవరి సినిమాలకో మాటలూ పాటలూ రికార్డు చేస్తూ ఏళ్లు గడిపారు. తర్వాత ఆదుర్తి సుబ్బారావుగారి దగ్గర సహాయకుడు. మొదటి సినిమా ‘ఆత్మగౌరవం’ 1965లో, అప్పటికి 35 ఏళ్లు. ‘శంకరాభరణం’ 1980. లెక్కేసుకో. ‘శంకరాభరణం’లో పాట ఎక్కడ ఆగుతుందో, ఏ మాట తర్వాత నిశ్శబ్దం ఉంటుందో గమనించు. ఆ మనిషి సౌండ్ రూమ్‌లో కూర్చున్న ఏళ్లు వృథా పోలేదని తెలుస్తుంది. నువ్వు నాలుగేళ్లు చేసిన సాఫ్ట్‌వేర్ కూడా రేపు ఎక్కడో అక్కరకొస్తుందేమో, తిట్టుకోవడం మానెయ్.

ఇక మన సంగతి. నేను వద్దనడం లేదు. కొన్ని అడుగుతున్నాను, వాటికి జవాబు రాయి. ఏ డైరెక్టర్ దగ్గర చేరుతున్నావు? ఆయన రమ్మన్నారా, లేక నువ్వే వెళ్లి ఆఫీసు బయట నిలబడతావా? సినిమా మొదలైందా, ఇంకా కథ దగ్గరే ఉందా? జీతం ఇస్తారా, రోజు ఖర్చుల బేటాతో సరిపెడతారా? రామారావుగారి లాగా చేతిలో ఒకటి ఉంటే నాకింత టెన్షన్ ఉండదు. లేదంటే కంపెనీలో లాంగ్ లీవ్ ఇస్తారేమో ముందు అడుగు. రంగారావుగారికి జంషెడ్‌పూర్ ఉన్నట్టు నీకూ ఒకటి ఉండాలి. వెళ్లాల్సొస్తే సిగ్గుపడకూడదు, అంతే.

డబ్బు సంగతి. నీ రూమ్ అద్దె ఒక ఏడాది నేను చూస్తాను. నా జీపీఎఫ్‌లో కొంత తీసుకోవచ్చు, అక్క పెళ్లి అప్పు తీరిపోయింది కాబట్టి ఇబ్బంది లేదు. బండి ఈఎంఐ మాత్రం నువ్వే కట్టుకో, అది నేను కొనమనలేదు. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ఉద్యోగం ఉండగానే తీర్చెయ్. ఏడాది తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం, అప్పుడు నేను పొడిగించవచ్చు, పొడిగించకపోవచ్చు.

మీ నాన్నగారికి ఈ విషయం నేను చెప్పను. నువ్వే చెప్పాలి, అదీ మెసేజ్‌లో కాదు, ఇంటికొచ్చి. ఆయన రెండు రోజులు మాట్లాడరు, మూడో రోజు ‘వాడికి తిండెలా?’ అని నన్నడుగుతారు. అప్పుడు అద్దె సంగతి నేను చెప్తాను. పండక్కి వచ్చేటప్పుడు నువ్వు తీసిన ఆ షార్ట్ ఫిలిం తీసుకురా, యూట్యూబ్‌లో పెట్టింది కాదు, పెట్టకుండా దాచుకున్నది. నచ్చకపోతే నచ్చలేదనే చెప్తాను, అలగకూడదు.

ఇట్లు
మీ అమ్మ