పేషీకి ఎవరు వచ్చి వెళ్తున్నారో మాకూ తెలియాలి: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను రాష్ట్ర సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మాది ప్రకాశం జిల్లా, పొగాకు పండించే కుటుంబం. చట్టాలు, నిబంధనలు తమకు అనుకూలంగా ఉండేలా ప్రభుత్వంలోని వాళ్లను కలిసి ఒప్పించే పనిని లాబీయింగ్ అంటారు. మన దేశంలో దానికి ఒక చట్టం కావాలి, దాన్ని మీరు తీసుకురావాలి అని అడగడానికే ఈ లేఖ.

నా సర్వీసులో ఒకసారి నిబంధనల సవరణ ఫైలు ఒకటి నా సీటుకు వచ్చింది. రైతు సంఘాలు, చిన్న వ్యాపారులు ఇచ్చిన అర్జీలు అందులో ఉన్నాయి. ప్రతిదానికీ తపాలు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, కింద సంతకాలు. వాటి మధ్యలో పిన్ను కొట్టిన మూడు కాగితాలు కనిపించాయి. లెటర్‌హెడ్ లేదు, తేదీ లేదు, సంతకం లేదు. పేషీ నుంచి వచ్చాయన్నారు, అంతే. ఏ నిబంధనలో ఏ మాట తీసేయాలో, దాని బదులు ఏం రాయాలో వరసగా టైపు చేసి ఉంది. తర్వాత వచ్చిన జీవోలో ఆ మాటలే దిగాయి. ఆ కాగితాల్లో ఒక ఉపనిబంధన నంబరు తప్పుగా పడితే, జీవోలోనూ అదే తప్పు నంబరు పడింది. అర్జీల మీద మాత్రం ‘పరిశీలించడమైనది’ అని ఒక్క ముక్క రాసి మూసేశాం.

ఆ మూడు కాగితాల్లో ఉన్నదంతా చెడ్డదని నేను అనను. పరిశ్రమ నడిపేవాళ్లకు తెలిసిన సంగతులు మా సెక్షన్‌లో ఎవరికీ తెలియవు. వాళ్లు వచ్చి చెప్పుకోవాలి, ప్రభుత్వం వినాలి. అది వాళ్ల హక్కు. అయితే ఆ కాగితాలు ఎవరు రాశారు, ఎవరి డబ్బుతో రాశారు అన్నది ఫైల్లో ఎక్కడా లేదు. ఆర్‌టీఐ కింద ఎవరైనా అడిగినా ఇవ్వడానికి మా దగ్గర ఏమీ ఉండదు. నంబరు పడిన అర్జీకి దక్కని విలువ, పేరు కూడా లేని కాగితానికి దక్కడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఢిల్లీ స్థాయిలో ఇది ఎలా ఉంటుందో మా జిల్లావాళ్లకు పొగాకు విషయంలో బాగా అర్థమైంది. సిగరెట్, బీడీ ప్యాకెట్ల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని ఆరోగ్యశాఖ 2014లో నోటిఫికేషన్ ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. ప్రభుత్వ శాఖలు చేసే నిబంధనలను పరిశీలించే లోక్‌సభ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ ఆపమంది, ఆగిపోయింది. ఆ కమిటీలో బీడీ వ్యాపారం ఉన్న ఎంపీ శ్యామాచరణ్ గుప్తా సభ్యుడు. చివరికి అది అమల్లోకి వచ్చేసరికి 2016 ఏప్రిల్ అయింది.

ఆ ఏడాది పొడవునా ఢిల్లీలో వినిపించిన వాదన ఏమిటంటే, బొమ్మ పెద్దదైతే పొగాకు రైతు రోడ్డున పడతాడని. అదే 2015లో మా ప్రకాశం జిల్లాలో వేలం కేంద్రాల్లో ధర పడిపోయి, అప్పులు తీర్చే దారిలేక పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. హెచ్చరిక బొమ్మ అప్పటికి పెరగనే లేదు. రైతు పేరు చెప్పి ఢిల్లీలో ఎవరు ఎవరిని కలిశారో, ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో టంగుటూరు, కొండపి రైతులకు ఎవరూ చెప్పలేదు. తన పేరు మీద ఏం అడుగుతున్నారో తెలుసుకునే హక్కు ఆ రైతుకు లేదా?

మంత్రి గారూ, లాబీయింగ్ గురించి మనకు తెలిసిన కాస్తా ఎలా తెలిసిందో చూడండి. 2010లో కార్పొరేట్ లాబీయిస్టు నీరా రాడియా టేపులు బయటికి వచ్చాయి కాబట్టి మంత్రి పదవుల మీద, టెలికాం మీద ఏయే మాటలు నడిచాయో జనం విన్నారు. అవి ఆదాయపు పన్ను శాఖ రికార్డు చేసిన ఫోన్ సంభాషణలు. అవి పత్రికలకు చేరకపోతే మనకు ఏమీ తెలిసేది కాదు. 2012 డిసెంబరులో అమెరికా రిటైల్ కంపెనీ వాల్‌మార్ట్ వ్యవహారం మీద పార్లమెంటు అట్టుడికింది. 2008 నుంచి లాబీయింగ్‌కు సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చయిందని, భారత్‌లో పెట్టుబడులకు దారి తెరవడం కూడా అందులో ఒక అంశమని ఆ కంపెనీ అమెరికా సెనేట్‌కు ఇచ్చిన పత్రాల్లో ఉంది. ఇక్కడి అధికారులతో దానికి సంబంధం లేదని కంపెనీ చెప్పింది. జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ వేశారు. 2013లో ఒడిశా ఎంపీ కాలికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ లాబీయింగ్ వివరాలు వెల్లడించాలంటూ ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

మన ప్రభుత్వం కూడా వాషింగ్టన్‌లో లాబీయింగ్ సంస్థలను పెట్టుకుంటుంది. విదేశాల తరఫున పనిచేసేవాళ్లు వివరాలు నమోదు చేసుకోవాలనే అమెరికా 1938 చట్టం కింద, ఆ ఒప్పందాలు అక్కడి న్యాయశాఖ వెబ్‌సైట్లో ఎవరైనా చదువుకోవచ్చు. అంటే భారత ప్రభుత్వం అక్కడ ఎవరికి ఎంత ఇస్తోందో ఒంగోల్లో కూర్చుని నేను చూడగలను. ఒంగోలు రైతు బతుకును తేల్చే నిబంధన కోసం ఢిల్లీలో ఎవరు తిరిగారో మాత్రం చూడలేను.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఒక మాట అంటారు: ‘మాకు సంఘాలున్నాయి, మా నియమావళి మేమే రాసుకుంటాం, చట్టం ఎందుకు?’ ఆ సంఘాల్లో నిజాయితీపరులు ఉన్నారు, వాళ్ల ప్రయత్నాన్ని నేను గౌరవిస్తాను. కానీ సంఘంలో చేరడం ఎవరి ఇష్టం వారిది. బయటికి పంపించినా ఆఫీసు మూతపడదు, మర్నాడు అదే పేషీకి మళ్లీ వెళ్లొచ్చు. బ్రిటన్‌లో బెల్ పాటింజర్ అనే పెద్ద పీఆర్ సంస్థను 2017లో దాని వృత్తి సంఘమే బయటికి పంపింది, కొద్ది రోజుల్లోనే ఆ సంస్థ కూలిపోయింది. నియమావళి పనిచేసిందని దీన్ని చూపిస్తారు. ఆ సంస్థ దక్షిణాఫ్రికాలో జాతి విద్వేషం రెచ్చగొట్టే ప్రచారం నడిపి, అక్కడి ప్రతిపక్షం ఫిర్యాదు చేశాక జరిగిన పని అది. నష్టం అప్పటికే జరిగిపోయింది.

చట్టం చేసినా సగం సగం చేస్తే ఏమవుతుందో కూడా బ్రిటనే చూపించింది. 2014లో అక్కడ తెచ్చిన చట్టం ఇతరుల తరఫున పనిచేసే కన్సల్టెంట్లకే వర్తిస్తుంది. మాజీ ప్రధాని డేవిడ్ కామెరాన్ గ్రీన్‌సిల్ అనే ఫైనాన్స్ కంపెనీ కోసం మంత్రులకు ఫోన్ మెసేజీలు పంపిన సంగతి 2021లో బయటపడింది. ఆయన ఆ కంపెనీ ఉద్యోగి కాబట్టి రిజిస్టరులో పేరు నమోదు చేయనక్కర్లేదని తేల్చారు. మన దగ్గర పెద్ద కంపెనీలన్నిటికీ ఢిల్లీలో సొంత మనుషులే ఉంటారు. వాళ్లను వదిలేసిన చట్టం మనకు వద్దు.

చిలీ 2014లో చేసిన చట్టం నాకు బాగా నచ్చింది. అక్కడ బాధ్యత ముందుగా ప్రభుత్వం వైపు ఉన్నవాళ్ల మీద పెట్టారు. మంత్రి, ఉన్నతాధికారి తమను ఎవరు కలిశారు, ఏ విషయం మీద కలిశారు, ఏ ప్రయాణాలు చేశారు, ఏ కానుకలు అందాయి అన్నది ప్రచురించాలి. కలవడం తప్పు కాదు, దాచడం తప్పు. మన దగ్గర కూడా మంత్రి నుంచి జాయింట్ సెక్రటరీ దాకా ఈ నియమం పెట్టండి. జీతానికో ఫీజుకో లాబీయింగ్ చేసే ప్రతి ఒక్కరూ ఎవరి తరఫున, ఏ చట్టం కోసం, ఎంత ఖర్చుతో అన్నది నమోదు చేసుకోవాలి. సొంత ఖర్చుతో వచ్చి అర్జీ ఇచ్చే రైతును, బీడీ కార్మికురాలిని ఇందులోకి లాగొద్దు. రిటైరైన ఐఏఎస్‌లు ప్రైవేటు ఉద్యోగంలో చేరడానికి ఏడాది ఆగాలి, లేదా అనుమతి తీసుకోవాలి. మంత్రులకు అదీ లేదు. అది కూడా తేవాలి.

దీనివల్ల నిజాయితీగా పనిచేసే లాబీయిస్టులకూ మేలే. డబ్బు తీసుకుని పలుకుబడితో అధికారిని ప్రభావితం చేయడం అవినీతి నిరోధక చట్టం కింద నేరం. లెక్కలు, వాదనలు పట్టుకుని పద్ధతిగా వచ్చేవాడికీ, పలుకుబడి అమ్ముకునేవాడికీ తేడా చూపించే రిజిస్టరు లేకపోవడంతో ఇద్దరినీ జనం పైరవీకారులనే అంటున్నారు.

చట్టానికి సమయం పడుతుందని నాకు తెలుసు. ఈలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్లో ఉంచాలని 2014 ఫిబ్రవరిలో అన్ని శాఖలకూ చెప్పింది మీ మంత్రిత్వ శాఖే. 2022లో డేటా రక్షణ బిల్లు ముసాయిదా వచ్చినప్పుడు మాత్రం, అందిన అభిప్రాయాలు బయటపెట్టబోమని సంబంధిత శాఖ ముందే ప్రకటించింది. ఏ కంపెనీ ఏం అడిగిందో, అందులో ఏది చట్టంలోకి వచ్చిందో పోల్చి చూసుకునే వీలు లేకుండా పోయింది. మీ శాఖ పరిశీలనకు వచ్చే ప్రతి బిల్లుతో పాటు ఆ అభిప్రాయాలన్నీ పేర్లతో సహా ప్రచురించారా అని అడగండి. ప్రచురించకపోతే ఫైలు వెనక్కి పంపండి. వచ్చే నెల నుంచి మీ పేషీలో మిమ్మల్ని కలిసినవారి వివరాలను శాఖ వెబ్‌సైట్లో పెట్టించండి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, మీ సంతకం చాలు.

భవదీయుడు,
రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్,
ఒంగోలు