మా లెటర్ దేశం దాటిందా, మంత్రి గారూ?

గౌరవనీయ మంత్రి గారికి నమస్కారాలు.

పెట్టుబడి యాప్ పేరుతో మా బావగారి రిటైర్మెంట్ డబ్బు కాజేసిన కేసు గురించి ఇంతకుముందు పెట్టుకున్న అర్జీలకు 'సంబంధిత విభాగానికి పంపడమైనది' అన్న ముక్క తప్ప ఏమీ రాలేదు. ఆ సంబంధిత విభాగం ఎక్కడుందో తెలిస్తే నేరుగా అక్కడికే రాసుకునేవాణ్ని. తెలియక పదిమందీ చదివేలా ఇలా రాస్తున్నాను.

ఇక్కడ దొరకాల్సినవాళ్లు దొరికారు. కమీషన్‌కి ఆశపడి బ్యాంకు ఖాతాలు అద్దెకిచ్చిన కుర్రాళ్లు వాళ్లు. జైలుకెళ్లారు, బెయిల్ మీద బయటికొచ్చేశారు. ఆడించినవాళ్లు మాత్రం దేశం బయట ఉన్నారు. వాళ్ల చాట్లు ఒక దేశం సర్వర్లలో, మనుషులు ఇంకో దేశంలో, క్రిప్టోగా మారిన డబ్బు మూడో దేశం ఎక్స్ఛేంజీలో. స్టేషన్లో ఎప్పుడడిగినా ఒకటే మాట: "విదేశం నుంచి రిప్లై రావాలండీ." ఐఓ (దర్యాప్తు అధికారి) గారిని నేను తప్పుపట్టను. ఆయన బదిలీ అయ్యారు, తర్వాతాయనా అయ్యారు. ఇప్పుడొచ్చినాయన ఫైలు మొదటి పేజీ నుంచి చదువుతున్నారు.

రిప్లై రావాలంటే ముందు మన ప్రశ్న వెళ్లాలి కదా! స్టేషన్ రాసింది రాష్ట్రం చూడాలి, రాష్ట్రం పంపింది కేంద్రం ఒప్పుకోవాలి, ఆ తర్వాత కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 112వ సెక్షన్ కింద, ఆధారాలు సేకరించి పంపమని విదేశాన్ని కోరుతూ కోర్టు లెటర్ ఇవ్వాలి, దాన్ని అవతలివాళ్ల భాషలోకి మార్చాలి, కేసుల్లో పరస్పరం సాయం చేసుకునే ఒప్పందం లేని దేశమైతే ఎంబసీ చేత అందించాలి. అక్కడి అధికారి 'ఈ ఖాతాకీ నేరానికీ సంబంధమేమిటో వివరించండి' అని ఒక్క కొర్రీ వేశాడా, ఫైలు ఎక్కిన మెట్లన్నీ దిగి మళ్లీ స్టేషన్‌కే వస్తుంది.

ఈలోగా సాక్ష్యం ఏమవుతోందన్నదే నా టెన్షన్ అంతా. లాగిన్ వివరాలు, ఐపీ అడ్రసులు ఏ కంపెనీ కలకాలం దాచిపెట్టదు. అమెరికా చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వం అడిగితే 90 రోజులు భద్రపరుస్తారు, మళ్లీ అడిగితే ఇంకో 90. మన లెటర్ వెళ్లేలోపు మా కేసులో ఎవరైనా అలా అడిగించారా? స్టేషన్లో తెలియదన్నారు. మీరైనా చెప్పండి. సైబర్ నేరాలపై 2001 నాటి బుడాపెస్ట్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న దేశాలు ఇలాంటి అత్యవసరాలకే 24 గంటలూ పలికే కేంద్రాలు పెట్టుకున్నాయి. మనం అందులో చేరలేదు. మనల్ని పిలవకుండా రాసుకున్న ఒప్పందమని అభ్యంతరం చెప్పాం. న్యాయమైన అభ్యంతరమే, కాదనను. మరి 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సైబర్ నేరాల ఒప్పందం చర్చల్లో మనమూ కూర్చున్నాం కదా, దాని ఫలం మా స్టేషన్ దాకా ఎప్పుడు దిగుతుంది?

మనిషిని వెతికి పట్టుకోమని ఇంటర్‌పోల్ అన్ని దేశాల పోలీసులకీ పంపే రెడ్ నోటీసు ఇప్పిద్దామన్నారు ఒకాయన. అది అరెస్టు వారెంటు కాదు, దానికి ఎంత విలువివ్వాలో ఏ దేశానికా దేశం నిర్ణయించుకుంటుంది. అదైనా ఇప్పించాలంటే మనిషెవరో తెలియాలి. మా దగ్గరున్నది చాట్‌లో పెట్టిన ఒక ఫొటో, అదీ ఎవరో మోడల్‌ది!

2020లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఉమ్మడి దర్యాప్తు బృందం కట్టి, నేరగాళ్లు రహస్య మెసేజీలకి వాడుకునే ఎన్‌క్రోచాట్ ఫోన్ల గుట్టు రట్టు చేశాయి. అలాంటి బృందంలో ఒకరి చేతికొచ్చిన ఆధారం కోసం రెండోవాళ్లు విడిగా లెటర్ రాసి ఎదురుచూడక్కర్లేదు. 2011లో మనం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వ్యవస్థీకృత నేరాల (ముఠాలు కట్టి చేసే నేరాల) ఒప్పందంలో 19వ ఆర్టికల్ ఇలాంటి ఉమ్మడి దర్యాప్తుల గురించే. సంతకాలకి లోటు లేదు సార్, పని జరగడమే లేదు.

2025 మార్చిలో మయన్మార్ స్కామ్ కేంద్రాల్లో ఇరుక్కున్న మనవాళ్లని వందలమందిని థాయ్‌లాండ్ మీదుగా వాయుసేన విమానాల్లో తెచ్చారు. టీవీలో చూసి దండం పెట్టుకున్నాను. మనిషిని తేగలిగిన ప్రభుత్వానికి ఒక కాగితం పంపడం ఇంత కష్టమా?

డబ్బు తిరిగొస్తుందన్న ఆశ మా అక్క ఎప్పుడో వదిలేసింది. నేను మాత్రం అడుగుతూనే ఉంటాను. మా లెటర్ దేశం దాటిందా, లేక ఏదైనా టేబుల్ మీద ఉందా? దాటితే ఏ తేదీన? దాటకపోతే ఎవరి సంతకం కోసం ఆగింది? దయచేసి దీన్ని కూడా సంబంధిత విభాగానికి పంపకండి, మీరే చూడండి. వచ్చే వాయిదాకైనా కోర్టులో చెప్పుకోవడానికి ఒక మాట కావాలి.

ఇట్లు,
ఫిర్యాదుదారు బావమరిది