గ్లైడర్ పెట్టె అందాక చదువు

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

రిమోట్‌తో తిప్పే గ్లైడర్ విమానం ఉన్న పెట్టెను పొద్దున పాలమూరు బస్సులో కార్గోకు వేసి వచ్చాను. తోక సున్నితం, అందుకని మీ అమ్మ తన పాత చీర చుట్టి పెట్టింది. పెట్టె విప్పగానే విసరాలని నీకు తొందర పుడుతుందని తెలుసు. ఈ ఉత్తరం మొత్తం చదివాకే గ్రౌండుకు తీసుకుపో.

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మొదటి మాట, "ఎంత గట్టిగా విసరాలి నాన్నా?" అని. గట్టిగా విసరాల్సిన పనే లేదు. దీనికి మోటారు లేదు, ఫ్యాను లేదు. ఏటవాలుగా గాలి మీద జారుతూ పోతుంది, ఆ వేగంతోనే రెక్క దాన్ని మోస్తుంది. ఆ జారుడు మొదలయ్యేంత వేగం నీ చెయ్యి ఇస్తే చాలు.

అన్నిటికన్నా ముందు బరువు సరిచూడు. బ్యాటరీ లోపల పెట్టి, రెక్క కింద రెండు వైపులా చూపుడువేళ్లు ఆనించి లేపు. రెక్క వెడల్పు, అంటే ముందు అంచు నుంచి వెనక అంచుకు, 18 సెంటీమీటర్లు. ముందు అంచు నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో చుక్కలు పెట్టాను. వేళ్లు ఆ చుక్కల మీద ఉన్నప్పుడు విమానం తక్కెడలా సమంగా నిలవాలి, లేదా ముక్కు రవ్వంత కిందికి వాలాలి. తోక వాలిందంటే విసరకు. గాలానికి కట్టే సీసం గుండ్లు చిన్న డబ్బాలో వేశాను, ఒక్కొక్కటే ముక్కులో పెట్టి మళ్లీ చూడు. ముక్కు కాస్త బరువైతే తొందరగా దిగుతుంది, నష్టం లేదు. తోక బరువైతే మాత్రం నీ మాట వినదు. ముక్కు పైకెత్తి, వేగం చచ్చి, కూలుతుంది.

ముందు రిమోట్ ఆన్ చెయ్యి, తర్వాతే విమానంలో బ్యాటరీ కలుపు. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ తియ్యి, ఆఖరున రిమోట్. విమానం వెనక నిలబడి చూడు: రిమోట్ మీది స్టిక్ నీ వైపు లాగితే ఎలివేటర్, అంటే తోకలో అడ్డంగా ఉన్న పలక, పైకి లేవాలి, కుడికి నెడితే చుక్కాని, అంటే తోకలో నిలువు పలక, కుడికి తిరగాలి. నీకు ఆరేళ్లప్పుడు మునుగోడు రోడ్డులో పత్తి ఏరేసిన చెలకలో నేను ఇది చూడకుండా విసిరాను. ముందురోజు రాత్రే సర్వో, అంటే తోక పలకను కదిలించే బుల్లి యంత్రం, మార్చాను, అది తిరగబడి ఉంది. లేపుదామని లాగితే నేలకేసి దిగింది. ముక్కు మూడు ముక్కలైంది. ఆ ముక్కలన్నీ ఏరి గౌనులో పోసుకుని, అంచులు రెండు చేతులతో పట్టుకుని, రోడ్డు దాకా నువ్వే మోసుకొచ్చావు. ఆ రోజు నుంచి తోక ఊపి చూడకుండా నేను ఒక్కసారీ విసరలేదు. నువ్వూ విసరకు.

మొదటి రోజు పొద్దు పొడిచిన వెంటనే పో, గాలి నిలకడగా ఉంటుంది. గడ్డి ఉన్న చోటు, మనుషులు, కరెంటు తీగలు లేని చోటు చూసుకో. గాలికి ఎదురుగా నిలబడి, రెక్కలు సమంగా పట్టుకుని, ఇరవై అడుగులు ముందుకు చూస్తూ ఈటెను వదిలినట్టు వదులు. ముక్కు ఆకాశం వైపు ఎత్తకు, అందరూ చేసే తప్పు అదే. అలలు అలలుగా లేచి పడుతుంటే ఎలివేటర్ ట్రిమ్, అంటే ఆ పలకను కొద్దికొద్దిగా సర్దే రిమోట్ మీది చిన్న మీట, ఒక మెట్టు కిందికి దించు. నేరుగా నేలకు దిగుతుంటే ఒక మెట్టు పైకి. పది పదిహేనుసార్లు ఇదే చెయ్యి, విసుగుపడకు. విమానం నీ వైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఆలోచించకుండా, ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్ అటే నెట్టు, రెక్క సమమవుతుంది.

వీడియోల్లో చూశానన్నావే, రెక్క కొస పట్టుకుని గిర్రున తిరిగి విసరడం, అది వేరే విమానం. నీకు వడిసెల గుర్తుందా? చిన్నప్పుడు నేను జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని కొట్టింది దాంతోనే. రాయికి అంత వేగం వచ్చేది తాడు పొడవు వల్ల. ఇక్కడ ఆ తాడు పని నీ చెయ్యీ, విమానం రెక్కా కలిసి చేస్తాయి. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ రెక్క చివర వేళ్లతో పట్టుకునే చిన్న పుల్ల ఉంటుంది. అలా విసిరే విమానాల పోటీల్లో రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 1.5 మీటర్లు దాటకూడదు, బరువు 600 గ్రాములు మించకూడదు. నీకు పంపిన ఫోమ్ రెక్కను అలా తిప్పితే నడిమికి విరుగుతుంది. దానికి కార్బన్ రెక్క కావాలి, అది నేను మెల్లగా చేస్తున్నాను.

ఇక నాకు ఇష్టమైన సంగతి. పది గంటలప్పుడు గద్దను చూడు. రెక్క ఆడించకుండా తిరుగుతూ తిరుగుతూ పైకి పోతుంటుంది. ఎండకు దున్నిన చెలకలు, బండలు వరి మళ్లకంటే ముందు వేడెక్కుతాయి, అక్కడి వేడిగాలి లేస్తుంది, గద్ద దాన్నే ఎక్కి పోతుంది. ఆ గాలి తగిలితే నీ గ్లైడర్ ఒక రెక్క దానంతటదే లేస్తుంది. లేచిన రెక్క వైపే తిప్పి, చిన్న చుట్లు కొట్టు. జర్మనీలో ఓటో లిలియెంతాల్ అనే ఇంజనీరు కొంగల్ని ఏళ్ల తరబడి చూసి 1889లో పుస్తకం రాశాడు, 1891 నుంచి తానే రెక్కలు కట్టుకుని ఎగిరాడు. ఎగరడానికి 1894లో 15 మీటర్ల దిబ్బ కూడా పోయించుకున్నాడు. మనకు పోయించే పని లేదు, గుట్టలున్నాయి. కానీ నువ్వు సదును నేల మీదే మొదలుపెట్టు.

ఉగాదికి వచ్చేటప్పుడు విమానం వెంట తెచ్చుకో, విరిగినా సరే తెచ్చుకో. మునుగోడు రోడ్డు చెలకలో పత్తి కట్టె పీకేశారు. పొద్దున్నే ఇద్దరం పోదాం.

మీ నాన్న