కోడలి ఇంగ్లీషు చదువు గురించి

ఒరేయ్ బావా,

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నీ మాటలే చెవిలో తిరుగుతున్నాయి. మీ అమ్మాయి, నా కోడలు, ఇంటర్ ఎంపీసీలో 940 మార్కులు తెచ్చుకుని, ఇంజనీరింగ్ వద్దు, బీఏ ఇంగ్లీషే చదువుతానని పట్టుబట్టిందన్నావు. చెల్లెమ్మ రెండు రోజులుగా సరిగా అన్నం కూడా తినడం లేదన్నావు. "ఇప్పుడు ఇంగ్లీషు ఎవరికి రాదురా? దానికో డిగ్రీ కావాలా?" అని నువ్వు అడిగినదానికి ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే కాగితం ముందు కూర్చున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదువు.

ఇంగ్లీషు రావడం వేరు, ఇంగ్లీషు చదువుకోవడం వేరు. ఈ తేడా నాకు తిరుపతిలో ఎంఏ చదివేటప్పుడు తెలిసింది. ఒక మేడమ్ క్లాసుకి వచ్చి, కవి పేరు లేకుండా ఒక పద్యం కాగితాలు పంచి, "దీని గురించి గంటలో రాయండి" అనేవారు. పేరు తెలిస్తే గైడులో చదివింది దించేస్తామని ఆమెకు తెలుసు. ఐ. ఏ. రిచర్డ్స్ అనే ప్రొఫెసరు కేంబ్రిడ్జిలో 1920ల్లో ఇలాగే కవుల పేర్లు తీసేసి విద్యార్థులతో చదివించాడని తర్వాత చెప్పారు. మొదటి నెల నాకు ఏమీ తోచేది కాదు. నెమ్మదిగా ఒక్కో మాట దగ్గర ఆగడం అలవాటైంది. ఇక్కడ ఈ మాటే ఎందుకు పెట్టాడు, ఇంకోటి పెడితే ఏం మారేది అని. నా జీవితంలో అన్నం పెట్టిన విద్య అదే.

ఎలాగో చెప్తాను. నేను హైదరాబాదులో చేసేది టెక్నికల్ రైటింగ్ అని నీకు తెలుసు గానీ, ఆ పనేమిటో ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళ దగ్గర కూర్చుని, దాన్ని ఎలా వాడాలో వాడేవాళ్ళకి అర్థమయ్యేలా రాయడం. ఒకసారి అలా మేము రాసిన గైడులో, అప్‌గ్రేడ్ చేసేముందు బ్యాకప్ (డేటాకు ఇంకో కాపీ) తీసుకోవాలి అనే చోట 'షుడ్' అని ఉంది. ఒక కస్టమర్ బ్యాకప్ తీసుకోలేదు, వాళ్ళ డేటా పోయింది. మీటింగులో వాళ్ళు ఒకటే మాట అన్నారు: "షుడ్ అంటే చేస్తే మంచిదనే కదా, తప్పనిసరి అని ఎక్కడుంది?" వాళ్ళు అన్నది నిజం. అక్కడ ఉండాల్సింది 'మస్ట్'. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 1997లో ఈ మస్ట్, షుడ్, మే లాంటి కొద్ది మాటలకు అర్థం ఇదీ అని చెప్పడానికే ఒక పత్రం విడుదల చేశారు. దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 2119 అంటారు. మస్ట్ అంటే తప్పించుకోవడానికి వీల్లేదు. షుడ్ అంటే గట్టి కారణం ఉంటే, పర్యవసానం ఆలోచించుకుని మానుకోవచ్చు. ఆ రోజు తర్వాత గైడు మొత్తం, 400 పేజీలు, ఆ ఒక్క మాట కోసం మళ్ళీ చదివాను. మా టీములో ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పని మాత్రం నాకే ఇచ్చారు.

ఇక కష్టం దాచిపెట్టి నీకు రాయలేను. ఎంఏ అవగానే నేను ఈ పనిలోకి రాలేదు. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకి ఇంగ్లీషు, ల్యాబు చెప్పాను. ఇంజనీరింగ్‌లో ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు కాబట్టి ఆ ఉద్యోగం తొందరగానే దొరికింది. జీతం 6,500. అదీ ఒక ఏడాది వరసగా నాలుగు నెలలు ఇవ్వలేదు. అద్దె కట్టలేక నీ దగ్గర తీసుకున్న డబ్బు గుర్తుందా? నేను మర్చిపోలేదు. ఎంఏ పట్టా ఒక్కదాన్నే పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో అక్కడే చూశాను. తర్వాత ఏడాదిపాటు రాత్రిళ్ళు కూర్చుని ఫ్రేమ్‌మేకర్ అనే మాన్యువల్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ నేర్చుకుంటేనే ఇటు రాగలిగాను. ఎంఏలో ఉండగానే ఇవి నేర్చుకుని ఉంటే ఆ ఏళ్ళు పోయేవి కావు. కోడలికి ఆ ఆలస్యం కాకూడదనే నా తాపత్రయం.

ఆమెకు మన కాలంలో లేని వసతి ఒకటుంది. 2023లో ఆంధ్రా డిగ్రీలో మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది, అంటే ఒకటి ప్రధాన సబ్జెక్టు, దానికి తోడుగా ఇంకోటి. ఇంగ్లీషు మేజర్ తీసుకుని, కంప్యూటర్స్ మైనరుగా ఇచ్చే కాలేజీ ఏదో ముందు వెతకండి. ఎంపీసీ చదివిన పిల్ల, లెక్కలంటే భయం లేదు. ఇంగ్లీషు చదివినవాళ్ళలో అలాంటివాళ్ళు తక్కువ, ఆ తక్కువే ఆమెకు బలం.

చెల్లెమ్మకు గవర్నమెంటు ఉద్యోగం మీద ఆశ కదా, ఆ దారీ చెప్తాను. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం ఉండి, రెండేళ్ళ బీఈడీలో ఇంగ్లీషు మెథడాలజీ తీసుకుని, టీచర్ల అర్హత పరీక్ష టెట్, ఉద్యోగ నియామక పరీక్ష డీఎస్సీ రాసి నెగ్గితే స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. 2025 మెగా డీఎస్సీలో అన్నీ కలిపి 16,347 పోస్టులు వేశారు గానీ, డీఎస్సీ ఏటా వస్తుందని నమ్ముకోకూడదు, అది నీకూ తెలుసు. పై చదువులకైతే రాయాల్సిన ప్రవేశ పరీక్షలు ఆంధ్రాలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. హైదరాబాదులోని ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) పేరు కూడా రాసిపెట్టుకో. 1958లో దేశంలో ఇంగ్లీషు టీచర్లను తయారుచేయడానికి పెట్టిన సంస్థ, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. అక్కడ సాహిత్యమే కాదు, భాషాశాస్త్రం, ఇంగ్లీషు బోధన కూడా చదవచ్చు. ఎంఏ తర్వాత యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్ళు నెలకు 37,000 ఫెలోషిప్. కాకపోతే పోటీ చాలా ఎక్కువ.

ఏఐ వచ్చాక రాసేవాళ్ళతో పనేముందని కూడా అడిగావు. పదానికి ఇంత అని లెక్కగట్టి రాయించుకునే పనులు తగ్గాయి, నా కళ్ళముందే తగ్గాయి. అదే నమ్ముకోమని కోడలికి చెప్పను. కానీ మిషన్ రాసిచ్చిన పేజీలో 'షుడ్' ఎక్కడ తప్పో పట్టుకోవడానికి మా ఆఫీసులో ఇప్పుడు రోజూ మనిషి కావాలి. ఆ పని చేయాలంటే వాక్యం ముందు ఆగి చదవడం వచ్చి ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా, తెలుగు వదలనివ్వకు. మదనపల్లెలోని మన బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీ గుర్తు తెచ్చుకో. 1919లో టాగూరు మదనపల్లె వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. అదే కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారు తెలుగు కథ మీద ఎంత గొప్ప విమర్శ రాశారో చూడు. ఇంగ్లీషు చదివిన బుర్రతో తెలుగును చూడగలగడం ఆయన బలం. ఇప్పుడు మన కథలు ఇంగ్లీషులోకి పోవాలన్నా, ఆస్పత్రి కాగితాలు, బ్యాంకు యాప్‌లు తెలుగులోకి రావాలన్నా రెండు భాషలూ లోతుగా తెలిసినవాళ్ళే కావాలి. ఇప్పుడొస్తున్న తెలుగు యాప్‌లు చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. అమ్మమ్మకు అర్థం కాని తెలుగు ఎవరికోసం?

నువ్వు సీటు ఫీజు కట్టే తొందరలో ఉన్నావని తెలుసు. ఒక్క వారం ఆగు. కోడలికి ఈ పని అప్పజెప్పు: మీ ఇంట్లో గ్రైండరుతో వచ్చిన మాన్యువల్ తీసి, అందులో ఒక పేజీ చెల్లెమ్మకు అర్థమయ్యేలా తెలుగులో, ఆ తర్వాత మంచి ఇంగ్లీషులో తిరగరాయమను. ఎవరి సాయమూ, ఫోనూ లేకుండా. ఎన్నిసార్లు కొట్టేసి రాసిందో ఆ చిత్తుకాగితాలతో సహా నాకు పంపు. దానికి ఆ పని మీద మనసు పట్టిందో లేదో అవి చూస్తే నాకు తెలిసిపోతుంది. ఆ శనివారం రాత్రి బస్సెక్కి నేనే వస్తాను, చెల్లెమ్మతో కూడా కూర్చుని మాట్లాడదాం.

నీ
బావ