చరిత్ర నోట్సులో ఆ ఎర్ర ప్రశ్నగుర్తులు ఎందుకంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్నటి సమావేశానికి వచ్చిన ఒక తండ్రి తన కూతురి చరిత్ర నోట్సు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పేజీకి రెండు మూడు చోట్ల మార్జిన్‌లో ఎర్ర ప్రశ్నగుర్తులున్నాయి. "ఇవి తప్పులా? తప్పులైతే టీచరు ఎందుకు దిద్దలేదు?" అని అడిగారు. ఆ గుర్తులు పెట్టింది టీచరు కాదు, అమ్మాయే. బయట ఇంకో పదిమంది ఎదురుచూస్తుండటంతో ఆయనకి సగం జవాబే చెప్పి పంపాను. మిగతా సగం ఇక్కడ అందరికీ రాస్తున్నాను.

ప్రాచీన, మధ్యయుగ ప్రపంచ చరిత్ర చెప్పే పద్ధతి ఈ ఏడాది మార్చాం. ఇదివరకు నాగరికత పేరు, నది పేరు, రాజు పేరు, సంవత్సరం అనే వరసలో పాఠం నడిచేది. పిల్లలు అవన్నీ పరీక్ష దాకా మోసుకెళ్లి, హాల్లో దించేసి, చేతులు దులుపుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు ప్రతి పాఠమూ ఆ కాలం మనుషులు వదిలివెళ్లిన ఒక వస్తువుతోనో ఉత్తరంతోనో మొదలవుతుంది. దాని ఫొటో చూపించి టీచరు పది నిమిషాలు నోరు మెదపకూడదు (మా టీచర్లకి అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే). పిల్లలు ఏం కనబడుతోందో చెప్పాలి. ఆ తర్వాతే పాఠం. నోట్సులో రాసుకున్న మాట దేన్నైనా చూసి "ఇది మనకెలా తెలిసింది?" అనుకున్నప్పుడు జవాబు దొరక్కపోతే పక్కన ఎర్ర ప్రశ్నగుర్తు పెట్టుకోవాలి. జవాబు దొరికిన రోజు కొట్టేసుకోవచ్చు.

ఆరో తరగతి మెసొపొటేమియాతో, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంతో మొదలైంది. ఊర్ నగరానికి చెందిన ఒక మట్టి పలక, క్రీ.పూ. 1750 ప్రాంతానిది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నాన్ని అనే ఆయన ఎఆ-నాసిర్ అనే వ్యాపారికి రాసిన ఫిర్యాదు అది. మంచి రాగి ఇస్తానని చెప్పి పనికిరానిది చూపించావు, నేను పంపిన మనిషిని చులకనగా చూశావు అని దులిపేశాడు. "నాసిర్ ఇచ్చింది నాసిరకం రాగి" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక ముందు వరసలో ఒకమ్మాయి, "ఎఆ-నాసిర్ ఏమన్నాడో మనకి తెలీదు కదా?" అంది. నిజమే, మన చేతిలో ఉన్నది ఒక పక్షం మాటే. ఆ రోజు నలభై నోట్సుల్లో నలభై ప్రశ్నగుర్తులు పడ్డాయి.

ఏడో తరగతి వాళ్లకి బాగా నచ్చినవాడు ఒన్ఫిమ్. 13వ శతాబ్దం మధ్యలో రష్యాలోని నొవ్‌గొరొద్‌లో ఉండేవాడు. ఆరేడేళ్లుంటాయని పండితుల అంచనా. బిర్చ్ చెట్టు బెరడు మీద మొనతో గీకి అక్షరాలు దిద్దేవాడు. దిద్ది దిద్ది విసుగొచ్చి బొమ్మలు వేశాడు. గుర్రమెక్కి శత్రువుని ఈటెతో పొడుస్తున్న వీరుణ్ని గీసి పక్కన తన పేరే రాసుకున్నాడు. ఇంకో ముక్క మీద ఒక వింత జంతువు, "నేను మృగాన్ని" అన్న రాత. మనుషుల చేతులకి వేళ్లు ఒక్కోచోట ఒక్కో లెక్క. మన పిల్లలు ముందు పట్టుకున్నది ఆ వేళ్లనే.

నొవ్‌గొరొద్ తడి నేలలో గాలి చొరక ఆ బెరడు ముక్కలు కుళ్లకుండా నిలిచాయి. 1951లో మొదటిది దొరికింది, ఇప్పటికి వెయ్యికి పైగా బయటపడ్డాయి. అప్పులు, సరుకుల లెక్కలు, ఇంటి గొడవలు, ఆడవాళ్లు పంపిన ఉత్తరాలు కూడా వాటిలో ఉన్నాయి. "మధ్యయుగంలో మతగురువులకి తప్ప చదువు రాదు" అన్న వాక్యం పిల్లలు అప్పటికే నోట్సులో రాసుకుని ఉన్నారు. దాని పక్కన ఏం పడిందో మీరు ఊహించుకోవచ్చు. అసలు "మధ్యయుగం" అన్న మాటే యూరప్ ఒంటి కొలతలతో కుట్టిన చొక్కా. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ బీజగణితం రాస్తున్న కాలాన్ని చీకటి యుగమని పిలిస్తే అది ఆయనకెలా సరిపోతుంది?

ఇక నా సంగతి. కాగితం గురించి నేను పాతికేళ్లుగా ఒకే కథ చెబుతూ వచ్చాను. క్రీ.శ. 751లో మధ్య ఆసియాలోని తలాస్ నది దగ్గర బాగ్దాద్‌ని తర్వాత రాజధాని చేసుకున్న అబ్బాసీ ఖలీఫాల సేనలు చైనా టాంగ్ రాజుల సేనలని ఓడించాయి, పట్టుబడ్డ చైనా వాళ్లు సమర్‌ఖండ్‌లో కాగితం చేయడం నేర్పారు, అక్కణ్నుంచి అది బాగ్దాద్‌కీ తర్వాత యూరప్‌కీ పాకింది అని. యుద్ధం, ఖైదీలు, రహస్యం అన్నీ ఉన్న కథ. చెప్పడానికి భలే ఉంటుంది.

ఈసారి ఎనిమిదో తరగతికి ఆ పాఠం చెప్పడానికి నేనే వెళ్లాను. అంతకు ముందు వారమే వాళ్ల టీచరు మియూనాయ్ ఉత్తరం చెప్పి ఉన్నారని నాకు తెలీదు. అప్పటి చైనా పశ్చిమ సరిహద్దులో డున్‌హువాంగ్ దగ్గరి ఒక కావలి బురుజులో 1907లో ఆరెల్ స్టెయిన్ అనే పురావస్తు పరిశోధకుడికి కొన్ని ఉత్తరాలు దొరికాయి. సమర్‌ఖండ్ ప్రాంతపు సోగ్డియన్ వ్యాపారుల కుటుంబాలవి, క్రీ.శ. 4వ శతాబ్దం తొలినాళ్లవి. చేరాల్సిన వాళ్లకి చేరనే లేదు. మియూనాయ్ అమ్మ మాట, అన్నదమ్ముల మాట కాదని భర్త వెంట డున్‌హువాంగ్ వచ్చింది. ఆయన ఆమెనీ కూతురినీ అక్కడే వదిలేసి పోయాడు. చేతిలో డబ్బు లేదు, ఆదుకునే వాళ్లు లేరు. నీకు భార్యగా ఉండేకన్నా కుక్కకో పందికో భార్యనైనా బాగుండేది అని రాసింది. కింద కూతురు కూడా నాలుగు మాటలు చేర్చింది, చైనా వాళ్ల దగ్గర పనివాళ్లమైపోయాం అని.

నేను తలాస్ కథ మంచి ఊపులో చెబుతుంటే ఒక కుర్రాడు లేచాడు. "సార్, మియూనాయ్ ఉత్తరం కాగితం మీదే కదా రాసింది?" అన్నాడు. అవునన్నాను. "మరి సమర్‌ఖండ్ వాళ్లకి నాలుగొందల ఏళ్ల ముందే కాగితం తెలుసు. ఖైదీల కోసం ఎందుకు ఆగారు?"

నా దగ్గర జవాబు లేదు. వాడటం వేరు, తయారుచేయడం వేరు అని కాసేపు తడబడ్డాను. తర్వాత చదివి చూస్తే, ఆ ఖైదీల కథని చరిత్రకారులు చాలాకాలంగా అనుమానిస్తూనే ఉన్నారు. యుద్ధం జరిగింది, సమర్‌ఖండ్ కాగితానికి పేరొచ్చింది, ఆ రెంటినీ కలిపే ముడే గట్టిది కాదు. మర్నాడు ఆ క్లాసుకి వెళ్లి నా పాఠం నోట్సులో నేనే ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి చూపించాను. వాళ్లకి పండగే.

సంవత్సరాలు నేర్పడం మానేశారా అని అడుగుతున్న వాళ్లకి కూడా ఇదే నా జవాబు. ఆ కుర్రాడికి రెండు కాలాలూ గుర్తుండబట్టే ప్రశ్న పుట్టింది. అందుకే వరండాలో వందేళ్లకి ఒక మీటరు లెక్కన తాడు కట్టాం. గీజా పెద్ద పిరమిడ్ నుంచి క్లియోపాత్రా దాకా పాతిక మీటర్లు, ఆవిడ నుంచి మన దాకా ఇరవై మీటర్ల పైచిలుకు. తాడు వరండా దాటి మెట్లు దిగింది.

మెసొపొటేమియాలోని బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాల శాసనం గురించి ఒక తల్లి బాధపడుతూ రాశారు. ఇల్లు కూలి యజమాని కొడుకు చనిపోతే కట్టినవాడి కొడుకుని చంపాలన్న నియమం విని బాబు ఆ రాత్రి నిద్రపోలేదట. ఆవిడ అన్నదాంట్లో న్యాయముంది. ఆ భాగాన్ని ఆరు నుంచి ఎనిమిదో తరగతికి మార్చాం. పూర్తిగా తీసేయమంటే మాత్రం ఒప్పుకోలేను. బానిసత్వం, అలాంటి శిక్షలు వదిలేసి ఆ కాలం గురించి చెబితే అది సగం అబద్ధమవుతుంది.

పరీక్షలో 40 మార్కులకి 12 ఇకపై ఇలాంటి వస్తువు మీదో ఉత్తరం మీదో ఉంటాయి, క్లాసులో చూడనిదే ఇస్తాం. గైడులో దొరకదు, టెన్షన్ పడొద్దు.

ఇంకొక్క మాట. కొన్ని నోట్సుల్లో ఆ ఎర్ర గుర్తుల మీద వైట్‌నర్ పూసి ఉంది, నోట్సు నీటుగా కనబడాలని ఇంట్లో పెద్దవాళ్లు చేసిన పనట. దయచేసి వద్దు. వచ్చే నెల మొదటి సోమవారం ఆరో తరగతి పిల్లలు మీ ఇంట్లోంచి పాత రసీదో ఉత్తరమో ఒకటి తెస్తారు. విలువైనది పంపకండి. అదేమిటో మీరు ముందే చెప్పేయకండి కూడా. కనుక్కోవడం వాళ్ల పని.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు