రోజూ గరిటెడు తోటకూర

లీడ్స్,
శ్రావణ శుక్రవారం

అమ్మకి,

నమస్కారాలు. నేనూ పిల్లలూ కులాసా. ఫోన్లో చెబితే "సరేలేవే" అనేసి మాట మార్చేస్తావు, అందుకని కాగితం మీద పెడుతున్నాను. పర్లాకిమిడి బళ్లో మాకు ఒడియా నేర్పితే, సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి తెలుగు దిద్దించింది నువ్వే. తమ్ముడు చదివి వినిపిస్తానంటాడు. వద్దు, నువ్వే చదువుకో.

వాడు పంపిన రక్తపరీక్ష కాగితం చూశాను. ఐఎన్ఆర్, అదే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే అంకె, 1.6. నీ గుండెలో పెట్టిన మైట్రల్ కవాటం లోహపుది కాబట్టి 2.5కీ 3.5కీ మధ్య ఉండాలని మన డాక్టరుగారు చెప్పారు కదా. వైశాఖంలో ఇదే 4.8 ఉంది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్లలోంచి రక్తం వచ్చిందన్నావు. అంత పెరిగితే ఒంట్లో ఎక్కడైనా రక్తం కారొచ్చు. ఇంత తగ్గితే కవాటం మీద గడ్డకట్టి, ఆ ముక్క మెదడుకి వెళ్లి పక్షవాతం రావచ్చు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదమ్మా.

ఏం తిన్నావని తమ్ముణ్ని గుచ్చి గుచ్చి అడిగితే ఇప్పటికి అర్థమైంది. విశాఖలో ఆపరేషనై ఇంటికి వస్తుంటే ఎవరో "ఆకుకూరలు ముట్టుకోకండి" అన్నారు. నువ్వు దాన్ని వ్రతంలా పట్టావు. పెరట్లో తోటకూర పక్కింటి మావుసికి పంచేశావు, పప్పులో బచ్చలి కూడా మానేశావు. ఐఎన్ఆర్ పైకి పోయింది, రక్తం గడ్డకట్టకుండా నువ్వు వేసుకునే మాత్ర మోతాదు డాక్టరుగారు తగ్గించారు. ఆ తగ్గించిన మాత్ర ఆకు తినని మనిషికి సరిపోయే మాత్ర. ఇంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో మునగాకు తినకపోతే ఎలా అని మావుసి వాళ్ల చెట్టు కోసి తెచ్చింది, చద్దన్నంలోకి సజనా శాగొ వేపుడు నాలుగైదు రోజులు వరసగా తిన్నావు. అంకె కింద పడింది. తప్పు నీదీ కాదు, మావుసిదీ కాదు. ఆ మొదటి మాటే సగం చెప్పారు.

మిగతా సగం ఇదీ. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు కొన్ని కాలేయంలో తయారవుతాయి. వాటికి విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్‌ని ఒళ్లు పారేయదు, తిరగేసి మళ్లీ వాడుకుంటుంది. నీ అసిట్రోమ్ మాత్ర ఆ తిరగేసే పనికి అడ్డం పడుతుంది. ఆకుకూరల్లో ఆ విటమినే మెండు, తోటకూరలో మరీను. పులుసులో పులుపుని బట్టి నువ్వు ఉప్పు వేస్తావు కదా, డాక్టరుగారు మాత్ర వేసేది కూడా అలాగే. రోజూ ఒకే పులుపైతే ఉప్పు కుదురుతుంది. ఒకరోజు చింతపండే లేక, ఇంకోరోజు గుప్పెడు పిసికితే ఎవరు మాత్రం కుదర్చగలరు? పైగా బొత్తిగా ఆకు మానేసిన ఒంట్లో ఆ విటమిన్ నిల్వ తక్కువ. నాలుగు రోజుల మునగాకుకే అంత ఊగిపోవడం అందుకే.

కాబట్టి నువ్వు ఆకు మానొద్దు. రోజూ ఒక గరిటె తిను, వండిన కూర కొలతే కొలత. పచ్చి ఆకు కట్ట అంతా కలిపి గిన్నె అడుక్కి అణిగిపోతుంది కాబట్టి కట్టలతో లెక్కపెట్టకు. తోటకూరైనా బచ్చలైనా గోంగూరైనా ఆ గరిటె లోపలే. మునగాకు తిన్నరోజు ఇంకో ఆకు వద్దు. అయితే ఈ ఉత్తరం అందిన రోజే మొదలుపెట్టేయకు. ముందు తమ్ముడు ఈ 1.6 సంగతీ, గరిటె సంగతీ డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాలి. ఆయన ఎప్పుడు పరీక్ష చేయించమంటే అప్పుడు చేయించి, మాత్ర సరిచేయించుకోండి. మాత్ర మీ అంతట మీరు మార్చొద్దు.

నువ్వు ఆకు ఉడికించి నీళ్లు వార్చేస్తే దోషం పోతుందనుకుంటున్నావట. పోదమ్మా. అది నూనెలో కరిగేది, నీళ్లలో పోదు, పొయ్యి వేడికి చావదు. నీళ్లతోపాటు మంచి గుణాలు పోతాయంతే. పోపులో నాలుగు కరివేపాకు రెబ్బలకి బెంగపడకు. కొత్తిమీర పచ్చడి చేస్తే మాత్రం అది ఆ రోజు ఆకుకూర కిందే లెక్క. ఆనపకాయ, బీరకాయ, వంకాయ, ములక్కాడ, అరటికాయ, గుమ్మడికాయ, అన్నం, పప్పు నీ ఇష్టం. మావుసి తెచ్చే దాల్మా, ఆ కూరగాయల పప్పు, హాయిగా తిను. నూనె మార్చకు. సోయా నూనెలో కూడా ఆ విటమిన్ ఉంది, వేరుశనగ నూనెలో దాదాపు లేదు.

నాకు అసలు భయం కార్తీకం. సోమవారాలు ఉపవాసం, పైగా మావుసితో కలిసి హబిసా వ్రతం, చివరి పంచుక అయిదు రోజులూ ఒంటిపూట. తిండి ఒక్కసారిగా తగ్గితే ఐఎన్ఆర్ పైకి పోతుంది. ఇక్కడ నా క్లినిక్‌లో క్రిస్మస్ తర్వాత ఇదే చూస్తాం. పండగ వారంలో తిండీ తాగుడూ మారిపోయి, నెలల తరబడి కుదురుగా ఉన్నవాళ్ల అంకెలు చెదిరిపోతాయి. దీపం పెట్టుకో, గుడికి వెళ్లు, మహేంద్రతనయలో దీపం వదులు, తిండి మాత్రం రోజూ తినేదే తిను. నీ దేవుడు కాదనడు.

పెద్దమామయ్య తన మాత్రకి పథ్యం లేదనీ, నువ్వు కూడా అదే వేసుకోవచ్చనీ అన్నారట. ఆయనకి గుండె లయ తప్పినందుకు ఇచ్చిన ఎపిక్సబాన్ అది. లోహపు కవాటానికి ఆ కొత్తరకం మాత్రలు పనికిరావు. వాటిలో ఒకదాన్ని లోహపు కవాటాలు ఉన్నవాళ్లమీద పరీక్షిస్తే గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మామయ్య మంచికే చెప్పారు, కానీ వినకు.

పాతపట్నం వెళ్లి మోకాలినొప్పికి సూది వేయించుకున్నావని ఇప్పుడే తెలిసింది. ఇంకెప్పుడూ వద్దు! కండలో సూది దిగినచోట లోపల రక్తం పేరుకోవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలూ వద్దు. ఎవరు యాంటీబయాటిక్ రాసినా ముందు నీ మాత్ర పేరు చెప్పు. విరేచనాలైనా, జ్వరమొచ్చి అన్నం సయించకపోయినా వెంటనే పరీక్ష. మలం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా నాకు ఫోన్ చేసేలోపే ఆసుపత్రికి బయల్దేరండి.

నీకు ఆవులంటే ప్రాణం కదా, ఒక సంగతి చెబుతాను. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తరాన పశువులు చిన్న గాయానికే రక్తం కారి చచ్చిపోయేవి. తడిసి బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిన్నందువల్ల. 1933లో విస్కాన్సిన్‌లో ఒక రైతు చచ్చిన దూడనీ, గడ్డకట్టని రక్తాన్నీ, ఆ గడ్డినీ మంచుతుఫానులో బండికెక్కించి విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లాడు. కార్ల్ లింక్ అనే ఆయన బృందం ఏళ్ల తరబడి కష్టపడి ఆ గడ్డిలో గుణం ఏమిటో పట్టుకుంది. నీ మాత్ర ఆ వంశానిదే. కోడెదూడని పోగొట్టుకుని నువ్వు రెండు రోజులు అన్నం మానేసిన రోజు గుర్తొచ్చింది నాకు ఇది చదివినప్పుడు. ఆ రైతు దుఃఖంలోంచి వచ్చిన మందు ఇవాళ నిన్ను మాకు ఉంచింది.

రాత్రి అందరూ పడుకున్నాక నీ కవాటం టిక్ టిక్‌మని వినిపిస్తుంటే నిద్రపట్టదని విసుక్కుంటావు. ఆపరేషనైన కొత్తలో నీ పక్కన పడుకుని ఆ చప్పుడు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేదాన్ని. ఆదివారం ఫోన్ చేస్తాను. మాటలయ్యాక ఒక్క నిమిషం ఫోన్ గుండెకి ఆనించి ఉంచు, వినాలి.

నీ
పెద్దమ్మాయి

తమ్ముడికి: 1 ఎంజీ, 2 ఎంజీ స్ట్రిప్పులు ఒకే డబ్బాలో ఉన్నట్టు ఫోటోలో కనిపించింది. ఇవాళే విడదీసి, డబ్బాల మీద పెద్ద తెలుగంకెలు రాసి అంటించు. రాత్రి ఒకే వేళకి వేసుకున్నాక గోడమీద కోహినూర్ కేలండర్లో ఆ తేదీ మీద అమ్మ చేతే టిక్కు పెట్టించు. ఒక రాత్రి మరిచిపోతే మర్నాడు రెండు కలిపి ఇవ్వొద్దు, నాకో డాక్టరుగారికో చెప్పు.