ఫోటోలో మనిషిని కలపాలంటే ఇక ఎత్తు కూడా అడుగుతాం

మా స్టూడియో కస్టమర్లందరికీ నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడుతోంది. ఫ్యామిలీ ఫోటోలో లేనివాళ్లను కలిపిపెట్టమనే ఆర్డర్లు అప్పుడే మొదలయ్యాయి. కాలం చేసిన తాతయ్యను మనవడి పెళ్లి ఫోటోలో నిలబెట్టడం, డల్లాస్‌లో ఉండిపోయిన కొడుకును అమ్మానాన్నల పక్కన చేర్చడం, ఎక్కువగా ఇవే. ఈ పనికి రేటు 400 రూపాయల నుంచి 600కు పెంచాం. రెండు రోజులు గడువు కూడా కావాలి.

“కట్ చేసి అతికించడమేగా అన్నా, పది నిమిషాల పని” అంటారు. కట్ చేయడం నిజంగానే పది నిమిషాల పని. ఇప్పటి ఫోటోషాప్‌లో అంత కూడా పట్టదు. చిక్కంతా సైజు దగ్గరే. ఒక ఫోటోలోంచి తెచ్చి ఇంకోదాంట్లో వేస్తే, ఆ మనిషి ఎంత పొడుగో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. దానికి తెలిసింది పిక్సెల్సే, అంటే ఫోటోలోని చిన్న చిన్న చుక్కలే. 12×18 ప్రింటుకు మేం చేసే ఫైలు 3600×5400 పిక్సెల్స్. అందులో పెళ్లికొడుకు ఎత్తు 2,800 పిక్సెల్స్ ఉందనుకోండి. తాతయ్య పాత 4×6 ఫోటోను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే మొత్తం కలిపి 1200×1800, అందులో ఆయన మహా అయితే 1,400. తెచ్చి పెడితే మనవడి నడుం దాకా వచ్చి, బొమ్మల కొలువులో బొమ్మలా కనబడతాడు.

సరే, సాగదీస్తాం. ఎంతవరకు? కంటికి బాగుందనిపించే దాకా లాగితే కుదరదు, అందుకే ఎత్తు అడుగుతున్నాం. పెళ్లికొడుకు 5 అడుగుల 10 అంగుళాలు, అంటే 70 అంగుళాలు. 2,800ను 70తో భాగిస్తే అంగుళానికి 40 పిక్సెల్స్. తాతయ్య 5 అడుగుల 4 అంగుళాలైతే 64 ఇంటూ 40, 2,560 రావాలి. తలపాగా, చెప్పుల మందం లెక్కలో కలపం. పక్కపక్కనే నిలబెడితేనే ఈ లెక్క. ఒక వరస వెనక్కి జరిపితే ఇంకొంచెం తగ్గించాలి. “ఇద్దర్నీ సమానంగా పెట్టండి” అనే వాళ్లున్నారు. పెట్టొచ్చు. కానీ ఆయన్ను చూసి పెరిగిన ఇంట్లోవాళ్లకు అక్కడ ఎవరో కొత్త మనిషి నిలబడ్డట్టు ఉంటుంది.

పాత ఫోటోను ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపొద్దని చెప్పేదీ అందుకే. ప్రింటే తెచ్చివ్వండి. 600 డీపీఐలో స్కాన్ చేస్తే తాతయ్య 2,800 వస్తాడు, తగ్గించుకుంటే చాలు. 1,400ను 2,560కి లాగితే మాత్రం ముఖం మసకబారుతుంది.

అమెరికా అబ్బాయిల ఫోటోలతో గొడవ వేరు. దగ్గర నుంచి, పైనుంచి తీసిన సెల్ఫీలో తల పెద్దగా, కాళ్లు చిన్నగా వస్తాయి. దాన్ని ఎంత పెంచినా తగ్గించినా మిగతావాళ్లతో కలవదు. ఎవరితోనైనా తీయించమనండి: పది పన్నెండు అడుగుల దూరం నుంచి, ఫోన్ ఛాతీ ఎత్తులో పట్టుకుని, పాదాలు కనబడేలా. ఎండ ఏ పక్క నుంచి పడాలో ఫ్యామిలీ ఫోటో చూసి మేం చెబుతాం. పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి, లేదంటే వాట్సాప్ సైజు కుదించేస్తుంది.

ఏఐ యాప్‌లు నిమిషంలో చేసేస్తున్నాయి కదా అని అడుగుతున్నారు. స్టేటస్ పెట్టుకోవడానికైతే అవి చాలు, మాకు డబ్బులివ్వనక్కర్లేదు. కాకపోతే చాలాసార్లు ముఖాన్ని అవి కొత్తగా గీస్తాయి. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాలంటే ఆ పోలిక తేడా రోజూ కనబడుతుంది.

తల మాత్రమే ఉన్న పాస్‌పోర్ట్ ఫోటోతో నిలువెత్తు మనిషిని చేయమంటే ఇక తీసుకోం. ఆయన తమ్ముడో, కొడుకో అలాంటి పంచెకట్టుతోనే వచ్చి స్టూడియోలో నిలబడితే చేస్తాం, శరీరానికి తల కొలత కుదురుతుంది. అదీ వీలు కాకపోతే పైన మూలలో గుండ్రంగా పెడతాం. నిజానికి నాకు అదే నచ్చుతుంది.

పండక్కి కావాలంటే డిసెంబర్ నెలాఖరులోపు ప్రింటు, ఎత్తు రాసిన చీటీ తెచ్చివ్వండి. భోగి రోజు తెచ్చినవి కనుమ తర్వాతే ఇస్తాం.